నడక తగ్గినవాళ్లకు మోషన్ సాఫీగా కావాలంటే ఏం చేయాలి, ఎలా చేయాలి

"మూడు రోజులైంది, మోషన్ కాలేదు. ఏ మందు వెయ్యమంటారు?" నన్ను అందరికంటే ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. అడిగేవాళ్లలో వీల్‌చెయిర్‌లో ఉన్నవాళ్లున్నారు, పక్షవాతం వచ్చి మంచం పట్టినవాళ్లున్నారు, తుంటి ఆపరేషన్ అయి కోలుకుంటున్నవాళ్లు, పార్కిన్సన్స్ ఉన్నవాళ్లు, వాళ్లను చూసుకునే ఇంట్లోవాళ్లు ఉన్నారు. ఎవరు అడిగినా మొదలయ్యేది మాత్రం మందుతోనే. నా లెక్కలో మందు వంతు చాలా వెనక వస్తుంది. ముందు వేళ కుదరాలి, తర్వాత కూర్చునే తీరు, ఆపైన నీళ్లు, పీచు. ఇవేవీ కుదరకుండా మందు పెంచుకుంటూ పోతే నాలుగు రోజులు అస్సలు కాదు, ఐదో రోజు బట్టలూ పక్కా పాడయ్యేంత అవుతుంది. ఈ రెంటి మధ్యే ఇల్లంతా తిరుగుతూ ఉంటుంది.

రోజూ అయి తీరాలని పట్టుబట్టకండి. రోజుకు మూడుసార్ల నుంచి వారానికి మూడుసార్ల దాకా ఎంతైనా మామూలే. అనుకున్న వేళకు, ముక్కకుండా, మెత్తగా, పూర్తిగా అయిపోవాలి. మిగతా వేళల్లో లీకవకూడదు. కావలసింది అంతే.

మొదలుపెట్టే ముందు

కింద చెప్పినవాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఈ పద్ధతులు పక్కనపెట్టి డాక్టర్‌ను కలవండి:

- మలంలో రక్తం, లేదా తారులా నల్లగా, జిగటగా, చెడు వాసనతో మలం. ఐరన్ మాత్రలు వాడినా రంగు నలుపుకు తిరుగుతుంది కానీ తారులా ఉండదు. తేడా తెలియకపోతే చూపించడమే మేలు.
- కారణం లేకుండా బరువు తగ్గడం.
- పొట్ట ఉబ్బి, వాంతులవుతూ, గ్యాస్ కూడా పోకపోవడం. దీనికి రేపటిదాకా ఆగొద్దు, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ఇలా ఉన్నప్పుడు మోషన్ అయ్యే మందు వేయడం ప్రమాదం.
- ఇన్నాళ్లూ బాగానే ఉండి, ఈమధ్యే ఉన్నట్టుండి అలవాటు మారిపోవడం.

వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకు ఇంకొక మాట. దెబ్బ నడుము కంటే పైన ఉంటే సాధారణంగా పేగు తనంతట తాను స్పందిస్తుంది, మలద్వారం బిగుసుకుని ఉంటుంది. దెబ్బ మరీ కింద ఉంటే మలద్వారం వదులుగా ఉంటుంది, లోపల స్పందన ఉండదు. మొదటి రకంవాళ్లకు సపోజిటరీ (మలద్వారంలో పెట్టే మందు బిళ్ల), వేలితో ప్రేరేపించడం పనిచేస్తాయి. రెండో రకంవాళ్లకు మలాన్ని వేలితో తీయాల్సి రావచ్చు. మీది ఏ రకమో డాక్టర్ చెప్పాలి. వేలితో చేసే పనులు నర్సు పక్కనుండి నేర్పించాకే చేయాలి, చదివి చేసేవి కావు. అందుకే వాటి వివరం ఇక్కడ రాయడం లేదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఒక నోట్‌బుక్, పెన్ను
- బ్రేకులున్న కమోడ్ కుర్చీ, లేదా టాయిలెట్ మీద పెట్టుకునే మెత్తటి సీటు. మంచం దిగలేనివాళ్లకు బెడ్‌పాన్
- కాళ్ల కింద పెట్టుకోవడానికి జానెడు ఎత్తు పీట, జారనిది
- పట్టుకోవడానికి గోడకు గట్టిగా బిగించిన కడ్డీలు
- పక్క తడవకుండా ప్లాస్టిక్ పొర ఉన్న షీటు
- వాడి పారేసే గ్లవ్స్, నీటితో కడిగితే పోయే జెల్లీ
- గోరువెచ్చని నీళ్లు, మెత్తటి గుడ్డలు, జింక్ ఆక్సైడ్ లేదా పెట్రోలియం జెల్లీ ఉన్న క్రీమ్
- పిలిస్తే వినపడేలా ఒక గంట, లేదా ఫోన్

తువ్వాలు ఆరేసే కడ్డీని పట్టుకుని లేవొద్దు. మనిషి బరువుకు అది ఊడి వస్తుంది.

1. ముందు వారం రోజులు రాసుకోండి

ఏమీ మార్చకుండా వారం రోజులు రాయండి: తేదీ, వేళ, ఎంత అయింది, ఎలా ఉంది, ముక్కాల్సి వచ్చిందా, మధ్యలో లీకయిందా, ఆ రోజు ఏ మందు వేసుకున్నారు. ఎలా ఉందో రాయడానికి బ్రిస్టల్ చార్టు వాడండి. అందులో ఏడు రకాలుంటాయి. 1వ రకం మేకపెంటికల్లా గట్టిగా విడివిడిగా ఉంటుంది. 2 పొడవుగా ఉన్నా గడ్డలు గడ్డలుగా ఉంటుంది. 3 పైన పగుళ్లతో పొడవుగా ఉంటుంది. 4 నున్నగా, మెత్తగా ఉంటుంది. 5 మెత్తటి ముక్కలు, 6 ముద్దముద్దగా, 7 పూర్తిగా నీళ్లు. మనకు కావాల్సింది 3 లేదా 4.

ఈ వారం వృథా అనిపిస్తుంది చాలామందికి. కానీ డాక్టర్ దగ్గర "ఎప్పుడో ఒకప్పుడు అవుతుందండీ" అనడానికీ, నోట్‌బుక్ తెరిచి చూపించడానికీ ఎంత తేడా ఉందో ఒకసారి చూపిస్తే మీకే తెలుస్తుంది. మూడు రోజులు దాటినా కాకపోతే మాత్రం రాసుకుంటూ కూర్చోవద్దు, డాక్టర్‌తో మాట్లాడండి.

2. మీరు వాడే మందులన్నీ ఒకసారి చూపించండి

మలబద్ధకం తెచ్చే మందులు చాలానే ఉన్నాయి. మార్ఫిన్, ట్రమడాల్, కోడీన్ లాంటి నొప్పి మందులు, ఐరన్, కాల్షియం మాత్రలు, అల్యూమినియం ఉన్న యాంటాసిడ్లు, డిప్రెషన్‌కూ నరాల నొప్పికీ ఇచ్చే అమిట్రిప్టిలిన్, మూత్రం ఆపుకోలేకపోతే ఇచ్చే ఆక్సిబ్యుటినిన్, బీపీకి ఇచ్చే వెరాపమిల్ వాటిలో కొన్ని. పార్కిన్సన్స్‌లో ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ కూడా ఇదే పని చేస్తుంది. ఏదీ మీ అంతట మీరు ఆపొద్దు. "దీనివల్లనా? బదులు వేరేది ఉందా?" అని అడగండి, చాలు.

మార్ఫిన్ జాతి మందులు మొదలుపెట్టినవాళ్లకు మోషన్ అయ్యే మందు కూడా మొదటి రోజు నుంచే కావాలి. ఎవరూ చెప్పకపోతే మీరే అడగండి.

3. వేళ కుదర్చండి

తిన్న తర్వాత పెద్దపేగు కదులుతుంది. ఈ కదలిక పొద్దున మొదటిసారి తిన్నాక బలంగా ఉంటుంది. కాబట్టి తిన్న 15 నుంచి 45 నిమిషాల లోపు కమోడ్ మీద ఉండేలా చూసుకోండి. వేడిగా ఏదైనా తాగితే కొందరికి ఇంకాస్త తోడవుతుంది.

సాయం చేసేవాళ్లు సాయంత్రమే వస్తారా? అయితే రాత్రి భోజనం తర్వాత పెట్టుకోండి. పొద్దున్నా సాయంత్రమా అన్నది తర్వాత సంగతి, రోజూ అదే వేళ కావడం ముఖ్యం. రోజు విడిచి రోజు పెట్టుకున్నా తప్పులేదు, ఆ వరస తప్పకపోతే చాలు.

10 నుంచి 15 నిమిషాలు కూర్చోండి. రాకపోతే లేచిపోండి. వచ్చేదాకా కూర్చుంటానని పట్టుబడితే మొలలు రావచ్చు, పిర్రల మీద ఒత్తిడికి పుండ్లు పడొచ్చు. స్పర్శ లేనివాళ్లకు ఆ పుండు మొదలైన సంగతే తెలియదు. వెన్నుపాము సమస్య ఉన్నవాళ్లకు మందు పెట్టిన దగ్గర్నుంచి శుభ్రం చేసుకునేదాకా ఎక్కువసేపు పట్టడం మామూలే కానీ ప్రతిసారీ గంట దాటుతుంటే పద్ధతి మార్చాలి, నర్సుతో మాట్లాడండి.

మధ్యలో ఎప్పుడు వస్తున్నట్టు అనిపించినా ఆపుకోవద్దు. "ఇప్పుడు లేపడం ఎందుకులే, పాపం, వాళ్లకు ఇబ్బంది" అని ఓర్చుకునేవాళ్లు ఎంతమందో. ఆపుకున్నకొద్దీ లోపల నీరు ఇంకిపోయి మలం గట్టిపడుతుంది. రేపు లేపేటప్పుడు ఆ ఇబ్బంది ఇవాళ్టికంటే రెట్టింపవుతుంది.

4. కూర్చునే తీరు సరిచేయండి

కమోడ్ మీద:

1. వీల్‌చెయిర్‌కీ కమోడ్ కుర్చీకీ బ్రేకులు వేయండి. వేశాక చేత్తో ఒకసారి తోసి చూడండి.
2. పాదాలు గాల్లో వేలాడకూడదు. పీట మీద ఆనించి, మోకాళ్లు తుంటి కంటే కొంచెం పైకి వచ్చేలా పెట్టండి.
3. నడుము తిన్నగా ఉంచి ముందుకు వంగి, మోచేతులు తొడల మీద ఆన్చండి. ముందుకు వాలితే పడిపోయేలా ఉంటే ఎదురుగా ఒక బల్ల, దాని మీద దిండు పెట్టి ఆనుకోండి.
4. ఊపిరి బిగబట్టి ముక్కొద్దు. నోరు కొద్దిగా తెరిచి నెమ్మదిగా ఊపిరి వదులుతూ, పొట్ట ముందుకు ఉబ్బేలా చేసి మెల్లగా కిందికి తోయండి. బిగబట్టి ముక్కితే బీపీ ఎగిరి పడుతుంది. గుండె జబ్బు ఉన్నవాళ్లు, పెద్దవాళ్లు కమోడ్ మీదే కళ్లు తిరిగి పడిపోయేది ఇలాగే.

తుంటి మార్పిడి ఆపరేషన్ అయినవాళ్లకు 2, 3 వర్తించవు. వాళ్లలో చాలామందిని కొన్నాళ్లపాటు తుంటిని 90 డిగ్రీలకు మించి వంచొద్దంటారు. అలా చెప్పి ఉంటే పీట వద్దు, ముందుకు వంగడం వద్దు, ఎత్తు పెంచిన సీటు వాడండి. ఎప్పటిదాకా అన్నది మీ సర్జన్ చెప్పాలి.

మంచం దిగలేకపోతే బెడ్‌పాన్:

మనిషిని ఒక పక్కకు ఒత్తిగిలేలా తిప్పండి. కింద ప్లాస్టిక్ షీటు పరవండి. బెడ్‌పాన్ వెడల్పాటి అంచును పిర్రలకు ఆనించి, దాన్ని ఒక చేత్తో పరుపులోకి అదిమి పట్టుకుని మనిషిని వెల్లకిలా తిప్పండి. తుంటి పైకెత్తలేనివాళ్లకు, బక్కగా ఉన్నవాళ్లకు ఒకవైపు పల్చగా ఉండే బెడ్‌పాన్ ఉంటుంది, అది ఎంతో నయం. ఇప్పుడు తలవైపు ఎంతవరకు లేపొచ్చో అంతవరకు లేపండి, మోకాళ్లు మడిచి కింద దిండు పెట్టండి. చదునుగా పడుకుని విసర్జించడం ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే కష్టం. తలవైపు లేపడం మర్చిపోయి "బెడ్‌పాన్ పెట్టినా రావట్లేదు" అనేవాళ్లే ఎక్కువ.

తీసేటప్పుడు లాగొద్దు. చర్మం అంటుకుని చీరుకుపోతుంది. మళ్లీ పక్కకు తిప్పి, బెడ్‌పాన్‌ను సమంగా పట్టుకుని తీయండి. దాని మీద కూడా పావుగంటకు మించి ఉంచొద్దు.

తలుపు, తెర సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బయట నిలబడి రెండు నిమిషాలకొకసారి "అమ్మా, అయిందా?" అని అడుగుతుంటే ఎవరికైనా లోపల బిగుసుకుపోతుంది. పడిపోయే భయం లేకపోతే గంట చేతికిచ్చి బయటకు వచ్చేయండి. దగ్గర ఉండక తప్పకపోతే వెనక్కి తిరిగి నిలబడండి, మాట్లాడకండి.

5. పొట్టను నిమరండి

కూర్చునే ముందు గానీ, కూర్చున్నాక గానీ పది నిమిషాలు చేయొచ్చు. కుడివైపు తుంటి ఎముక దగ్గర మొదలుపెట్టి పైకి పక్కటెముకల దాకా, అక్కడి నుంచి బొడ్డు పైగా ఎడమవైపుకు, ఎడమవైపు నుంచి కిందికి. ఇది పెద్దపేగు వెళ్లే దారి. చేసుకునేవారి చేతికి ఇది గడియారం ముల్లు తిరిగే దిశ. ఎదురుగా నిలబడి చేసేవాళ్లు కూడా పడుకున్నవారి కుడిపక్క నుంచే మొదలుపెట్టాలి. అరచేతితో, నొప్పి రానంత ఒత్తిడితో చేయండి. పొట్ట ఆపరేషన్ ఈమధ్యే అయినవాళ్లకు, హెర్నియా ఉన్నవాళ్లకు, గర్భిణులకు, పేగుకు అడ్డం పడిందన్న అనుమానం ఉంటే చేయొద్దు.

6. నీళ్లు

రోజుకు మొత్తం లీటరున్నర నుంచి రెండు లీటర్ల ద్రవాలు చాలామందికి సరిపోతాయి. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల నీళ్లు తగ్గించమని చెప్పి ఉంటే ఆ లెక్కే పాటించండి. మూత్రం లేత పసుపులో ఉంటే నీళ్లు సరిపోతున్నట్టే. కొన్ని మందులు, విటమిన్లు రంగు మారుస్తాయి, అది గుర్తుంచుకోండి.

మాటిమాటికీ బాత్‌రూమ్‌కు తీసుకెళ్లాలని భయపడి నీళ్లు తాగడం మానేసేవాళ్లు ఉంటారు. మలబద్ధకానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు. రాత్రి లేవాల్సి వస్తుందన్నదే టెన్షన్ అయితే సాయంత్రంలోపే ఎక్కువ తాగేసి, ఆ తర్వాత తగ్గించండి.

మింగడం కష్టమై ద్రవాలు చిక్కగా చేసుకుని తాగేవాళ్లు నీళ్లు పెంచేముందు అడిగి తెలుసుకోవాలి.

7. పీచు

పెద్దవాళ్లకు రోజుకు 25 నుంచి 30 గ్రాములు మంచిదంటారు. పండ్లు, కూరగాయలు, పప్పుధాన్యాలు, పొట్టు తీయని ధాన్యాల్లో దొరుకుతుంది. కానీ కదలిక లేనివాళ్లకు ఈ సలహా అలాగే వర్తించదు. పేగు నెమ్మదిగా కదిలేవాళ్లకు, నీళ్లు తక్కువ తాగేవాళ్లకు పీచు ఒక్కసారిగా పెంచితే లోపల ముద్దకట్టి కూర్చుంటుంది, పొట్ట ఉబ్బుతుంది. వారానికి ఐదు గ్రాముల చొప్పున పెంచి చూడండి. ఉబ్బరం ఎక్కువైతే ఒక మెట్టు వెనక్కి తగ్గండి. అప్పటికే లోపల గట్టి మలం నిలిచిపోయి ఉంటే ముందు అది బయటికి రావాలి, పీచు ఆ తర్వాతే.

ఇసబ్గోల్ వేసుకునేవాళ్లు నిండు గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే తాగేయాలి. పడుకునేముందు వద్దు. గుటక పడటం కష్టమైనవాళ్లకు, నీళ్లు సరిగా తాగలేనివాళ్లకు, మంచం మీదే ఉండేవాళ్లకు డాక్టర్ చెప్పకుండా ఇవ్వొద్దు. "గింజ పొట్టే కదా, ఏమవుతుంది" అనుకుంటారు. అది గొంతులోనో పేగులోనో ఉబ్బి అడ్డం పడగలదు.

8. ఉన్నంతలో కదలండి

మంచం మీద అటూ ఇటూ తిరగడం, మోకాళ్లు మడిచి చాపడం, కుర్చీలో నిటారుగా కూర్చునే సమయం పెంచడం, వీలైతే ఆసరాతో నిలబడటం. మీకు ఏది తగునో ఫిజియోథెరపిస్ట్ చెబుతారు. దీనితోనే అంతా బాగైపోతుందని చెప్పను.

9. అప్పటికీ కాకపోతే మందు

డాక్టర్ లేదా ఫార్మసిస్ట్ చెప్పిన మోతాదులోనే. ఏది ఎంతసేపటికి పనిచేస్తుందో తెలిస్తే సగం గందరగోళం తప్పుతుంది:

- లాక్ట్యులోజ్: రెండు మూడు రోజులు పడుతుంది. గ్యాస్, ఉబ్బరం రావచ్చు.
- పాలిఇథిలీన్ గ్లైకాల్ పొడి: ఒకటి నుంచి మూడు రోజులు. చెప్పినన్ని నీళ్లలోనే కలపాలి.
- సెన్నా, బిసకోడిల్ మాత్రలు: దాదాపు 6 నుంచి 12 గంటలు. రాత్రి వేసుకుంటే పొద్దున పనిచేస్తాయి.
- గ్లిజరిన్ సపోజిటరీ: 15 నుంచి 30 నిమిషాలు.
- బిసకోడిల్ సపోజిటరీ: 15 నిమిషాల నుంచి గంట.

లాక్ట్యులోజ్ మొదలుపెట్టిన మర్నాడే "పనిచేయలేదు" అని ఇంకొకటి, సాయంత్రం మరొకటి వేస్తారు. మూడో రోజు అన్నీ కలిసి ఒకేసారి పనిచేస్తాయి. ఆ రోజు పక్కబట్టలు ఎన్నిసార్లు మార్చాలో చెప్పలేం.

ఇంకొన్ని జాగ్రత్తలు. బిసకోడిల్ మాత్రను నలపొద్దు, కొరకొద్దు. పాలు, యాంటాసిడ్ తీసుకున్న గంటలోపు వేసుకోవద్దు. పాలిఇథిలీన్ గ్లైకాల్ పొడిని పిండిపదార్థంతో చిక్కబరిచిన ద్రవాల్లో కలిపితే అవి మళ్లీ పల్చబడిపోతాయి, మింగడం కష్టమైనవాళ్లకు పొలమారుతుంది. లిక్విడ్ పారాఫిన్ నోటి ద్వారా పడుకుని ఉండేవాళ్లకు, మింగడం కష్టమైనవాళ్లకు ఇవ్వొద్దు. అది ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది. ఫాస్ఫేట్ ఎనిమా (మలద్వారంలోంచి లోపలికి ఎక్కించే మందు) వయసు పైబడినవాళ్లకు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ప్రమాదం, అడగకుండా వాడొద్దు. ఇంట్లో సబ్బునీళ్లతో ఎనిమా అసలు వద్దు, పేగు పొరను అది రేపుతుంది.

10. సపోజిటరీ పెట్టే పద్ధతి

ఇది సరిగా పెట్టకపోవడం వల్లే ఎక్కువసార్లు పనిచేయదు. అందుకే నెమ్మదిగా చెబుతాను.

1. చేతులు కడుక్కుని గ్లవ్స్ వేసుకోండి. గోళ్లు పెరిగి ఉంటే ముందు కత్తిరించుకోండి.
2. మనిషిని ఎడమవైపు ఒత్తిగిల్లి పడుకోబెట్టండి. పై మోకాలు పొట్టవైపు మడవాలి.
3. సపోజిటరీ పైనున్న రేకు పూర్తిగా తీసేయండి. తీయకుండా పెట్టేవాళ్లు ఉన్నారు, నవ్వులాట కాదు.
4. గ్లిజరిన్‌దైతే నీళ్లలో ఒకసారి ముంచండి. వేలికి జెల్లీ రాసుకోండి.
5. "ఇప్పుడు పెడుతున్నాను, నోటితో ఊపిరి వదలండి" అని చెప్పి, చూపుడువేలితో మెల్లగా లోపలికి జరపండి. మలద్వారం దగ్గర బిగుతు ఉంటుంది. అది దాటగానే వేలికి వదులు తెలుస్తుంది. అక్కడితో ఆపకుండా ఇంకాస్త లోపలికి, వేలి రెండో కణుపు దాకా వెళ్లాలి. పైపైన వదిలేస్తే జారి బయటికి వచ్చేస్తుంది.
6. ఆఖర్న వేలి కొసతో సపోజిటరీని పక్కకు, పేగు గోడకు ఆనేలా నొక్కండి. అసలు కిటుకు ఇదే. మలం మధ్యలోకి గుచ్చితే అది మలంలోనే ఉండిపోతుంది. గోడకు తగిలితేనే పనిచేస్తుంది.
7. పిర్రలు రెండూ కాసేపు దగ్గరకు నొక్కి పట్టండి. 15 నుంచి 20 నిమిషాలు పడుకోనిచ్చి, తర్వాత కమోడ్ మీద కూర్చోబెట్టండి. ఈలోపే గట్టిగా వస్తుంటే వెంటనే లేపండి.

వేలికి గట్టి ముద్ద అడ్డంగా తగిలితే, రక్తం కనిపిస్తే, బాగా నొప్పంటే అక్కడే ఆపేయండి. నర్సునో డాక్టర్‌నో పిలవండి.

ఆగాల్సిన సమయం

వెన్నుపాము ఛాతీ భాగంలో 6వ స్థాయిలో గానీ, అంతకంటే పైన గానీ దెబ్బతిన్నవాళ్లకు మలం నిండిపోయినా, లోపల వేలు, సపోజిటరీ పెట్టినా బీపీ ఒక్కసారిగా ఎగబాకొచ్చు. తల పగిలిపోతున్నట్టు నొప్పి, దెబ్బతిన్న చోటికి పైన ముఖం, మెడ ఎర్రబడి చెమటలు, గగుర్పాటు దీని గుర్తులు. బీపీ పై అంకె మామూలుగా ఉండేదాని కంటే 20 నుంచి 40 దాకా పైకి వెళ్తుంది. వీళ్లకు మామూలు బీపీ తక్కువగానే ఉంటుంది కాబట్టి 130 చూసి "నార్మలే" అనుకోవద్దు. చేస్తున్న పని ఆపి, నిటారుగా కూర్చోబెట్టి, బిగుతు బట్టలు వదులు చేయండి. మూత్రం గొట్టం మెలిక పడిందేమో చూడండి. తగ్గకపోతే అంబులెన్స్‌ను పిలవాలి. చికిత్స ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది.

11. కడగడం, ఆరబెట్టడం

ముందు నుంచి వెనక్కి తుడవండి. గోరువెచ్చని నీళ్లతో కడిగి, రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్దండి. పిర్రల మడతల్లో తడి ఉండిపోతే రెండు రోజుల్లో చర్మం ఒరుసుకుపోతుంది. పూర్తిగా ఆరాక క్రీమ్ పల్చగా రాయండి. మందంగా రాస్తే డైపర్ తడి పీల్చదు. ప్రతిసారీ పిర్రలు, నడుము కింది ఎముక దగ్గర చూడండి. ఎర్రటి మచ్చ వేలితో నొక్కితే తెల్లబడకపోతే అది ఒత్తిడి పుండుకు మొదలు. ముదురు రంగు చర్మంలో ఎరుపు కనపడదు. వేడిగానో గట్టిగానో తగులుతుందేమో చేత్తో చూడండి.

నీళ్లలా కారుతోంది, మోషన్ అయ్యే మందు ఆపాలా?

ఆపేముందు ఒక్క నిమిషం. కొన్ని రోజులుగా గట్టిగా ఏమీ రాకుండా ఉన్నట్టుండి కొద్దికొద్దిగా నీళ్లలా కారుతుంటే, పొట్ట బిగిసి ఉంటే, అది విరేచనాలు కాకపోవచ్చు. లోపల గట్టి ముద్ద అడ్డం పడి, దాని పక్కల నుంచి పల్చటిది జారుతూ ఉండొచ్చు. దీన్ని విరేచనాలనుకుని లోపెరమైడ్ వేస్తే అడ్డం ఇంకా బిగుస్తుంది. ఆకలి తగ్గడం, వికారం, వయసు పైబడినవాళ్లలో కొత్తగా అయోమయం, మూత్రం రాకపోవడం కూడా ఇందులో ఉంటాయి. నోట్‌బుక్ తీసి చివరిసారి మామూలుగా ఎప్పుడైందో చూసుకుని, అదే రోజు డాక్టర్‌కు చూపించండి.

పొరపాట్లు ఎక్కడ జరుగుతాయి

అన్నీ ఒకేసారి మార్చడం మొదటిది. నీళ్లు, పీచు, కొత్త మందు, కొత్త వేళ అన్నీ సోమవారమే మొదలుపెడితే శుక్రవారం దేనివల్ల ఏమైందో ఎవరికీ తెలియదు. ఒక్కటే మార్చండి, మూడు నుంచి ఐదుసార్లు మోషన్ ఎలా అవుతుందో చూసి తర్వాతది మార్చండి.

బాగవ్వగానే మందు మానేయడం రెండోది. కదలిక అలాగే ఉన్నప్పుడు కారణమూ అలాగే ఉంటుంది. తగ్గించాలంటే కొద్దికొద్దిగా, డాక్టర్‌తో మాట్లాడి తగ్గించండి.

లీకవుతుందన్న భయంతో తిండి తగ్గించేయడం ఇంకొకటి. అలా చేస్తే బలం పోతుంది, లీకు ఆగదు.

కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది

రెండు వారాల తర్వాత నోట్‌బుక్ తెరవండి. ఎక్కువసార్లు 3 లేదా 4వ రకమేనా? మలద్వారం వదులుగా ఉండేవాళ్లకైతే 3 మేలు, మరీ మెత్తగా ఉంటే నిలవదు. అనుకున్న వేళకే అవుతోందా? అయ్యాక పొట్ట తేలిగ్గా ఉందా, ఇంకా మిగిలినట్టు అనిపిస్తోందా? వేళ కాని వేళ బట్టలకు మరక అంటుతోందా?

ఇంకా 1, 2లోనే ఉంటే ముందు నీళ్లు చూడండి, తర్వాత లాక్ట్యులోజ్ లాంటి మెత్తబరిచే మందు గురించి అడగండి. మెత్తగానే ఉండి బయటికి రావట్లేదంటే మెత్తబరిచే మందు పెంచి లాభం లేదు. కూర్చునే తీరు, సపోజిటరీ చూడాలి. 6, 7లోకి పోతే మందు మోతాదు తగ్గించాలా అని అడగండి, పైన చెప్పిన అడ్డం కాదని తేల్చుకున్నాకే. వేళకు కాకుండా మూడు నాలుగు గంటల తర్వాత అవుతుంటే మందును అంతసేపు ముందుగా వేసుకోండి. వేళకు ముందే అవుతుంటే అంతసేపు ఆలస్యంగా వేసుకోండి. రాత్రి ఏడింటికి వేసుకునే సెన్నా పదింటికి మారిస్తే పొద్దున నాలుగింటికి వచ్చేది ఏడింటికి వస్తుంది. ఈ సర్దుబాటుకు కొత్త మందేమీ అక్కర్లేదు.